ఆర్టీఐలో మా పంచాయతీ కాగితాలు వచ్చాయి. వీటిని ఎలా చదవాలి?

పెన్నా ఒడ్డు · ఆదివారం, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు వైపు చిన్న ఊరు. పేరు రాయడం లేదు. ఎవరినో దొంగ అని నిరూపించాలని ఈ పని మొదలుపెట్టలేదు కాబట్టి ఊరి పేరు అవసరం లేదనుకుంటున్నాను.

చెన్నైలో తొమ్మిదేళ్లు పనిచేసి పోయిన ఏడాది తిరిగొచ్చాను. మా వీధిలో సైడు కాలవ కట్టారు. బోరు మోటారు మాటిమాటికీ కాలిపోతోంది. రచ్చబండ దగ్గర కూర్చుంటే ఒకటే మాట, "కాలవ డబ్బులు తినేశారు" అని. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని అడిగితే ఒక్కరికీ తెలియదు. తెలియకుండా ఒక మనిషిని దొంగ అనడం నాకు నచ్చలేదు. అలాగని తెలుసుకోకుండా ఊరుకోవడమూ నచ్చలేదు. అందుకే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. రెండేళ్ల క్యాష్ బుక్, తీర్మానాలు, కాలవ ఎస్టిమేట్, బోరు రిపేరు వోచర్లు అడిగాను.

30 రోజులైనా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాక 52వ రోజున 37 పేజీలు ఇచ్చారు. పేజీకి 2 రూపాయల చొప్పున 74 రూపాయలు కట్టాను. ఇప్పుడు అవన్నీ ముందేసుకుని కూర్చుంటే తల తిరుగుతోంది. "ఎస్‌డబ్ల్యూడీ 140 ఆర్‌ఎంటీ" అని ఉంది. కింద ఏవేవో కొలతలు, పొట్టి అక్షరాలు. డిగ్రీ చదివిన నాకే అర్థం కాకపోతే మా నాన్నకు ఏం అర్థమవుతుంది? అడుగులు వేసుకుంటూ కాలవ కొలిచాను. 70 మీటర్లకు అటూ ఇటూ వచ్చింది. కాగితంలో 140. రాత్రంతా నిద్ర పట్టలేదు.

తెలిసినవాళ్లు దారి చెప్పండి.

బెంగళూరు నెల్లూరోడు · ఆదివారం, ఉదయం 8:05

బ్రో, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో చూశావా? 2020 నుంచి ఉంది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ వరుసగా ఎంచుకుంటే ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, ఎంత ఖర్చు పెట్టారు కనిపిస్తుంది. ఆర్టీఐ వేయాల్సిన పనే లేదు.

పెన్నా ఒడ్డు · ఆదివారం, ఉదయం 8:31

చూశాను అన్నా. మొత్తాలు కనిపిస్తున్నాయి. ఏ వీధిలో ఏ పని అన్నది సరిగా తెలియడం లేదు, ఉన్నదంతా ఇంగ్లీషులో ఉంది. మా ఊళ్లో ఆ పోర్టల్ పేరు విన్నవాళ్లు నేను కాక ఇంకొకరు ఉంటే గొప్ప.

మాజీ సెక్రటరీ · ఆదివారం, ఉదయం 10:12

బాబూ, నేను ప్రకాశం జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాను. నిదానంగా చెబుతాను, ఒక కాగితం పెన్ను దగ్గర పెట్టుకో.

అందరూ చేసే తప్పు ఏమిటంటే ముందు చెక్కు ఎంతకు రాశారో చూస్తారు. అది చివర చూడాలి. ముందు తీర్మానం చూడు. ఏ తేదీన, ఏ పనికి, ఎంత మొత్తానికి తీర్మానించారు? తర్వాత ఎస్టిమేట్. అందులో పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉంటుంది, ఎవరింటి దగ్గర నుంచి ఎవరింటి దాకా అని. ఆ తర్వాత ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. పని అయ్యాక ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, వచ్చి కొలిచి పొడవు, వెడల్పు, లోతు రాస్తారు. పైఅధికారి మళ్లీ కొలిచి చూసినట్టు సంతకం పెడతారు. బిల్లు తయారయ్యేది ఆ కొలత మీదే. చివరగా వోచరు, చెల్లింపు. ఈ నాలుగింటిలో తేదీలు వరుసగా ఉన్నాయా చూడు. కొలత తేదీ కంటే ముందే చెల్లింపు ఉంటే అడగాల్సిన ప్రశ్న అది.

ఆర్‌ఎంటీ అంటే రన్నింగ్ మీటరు. ఎస్‌డబ్ల్యూడీ అంటే వాన నీటి కాలవ. నువ్వు 70 అంటున్నావు, కాగితం 140 అంటోంది. వీధికి రెండు పక్కలా కాలవ కట్టారా, ఒక పక్కనేనా? రెండు పక్కలా అయితే రెండు పొడవులూ కలిపి రాస్తారు. అది చూడకుండా ఎవరి దగ్గరా నోరు జారకు. ఉద్యోగంలో ఉండగా నా మీద ఒకసారి ఇలాంటి నింద పడింది. లెక్క సరిగానే ఉంది, కానీ ఆ నింద పోవడానికి రెండేళ్లు పట్టింది. మా అమ్మాయి పెళ్లి సంబంధాల దాకా వెళ్లింది ఆ మాట. అప్పట్లో నా వోచర్లను పంచాయతీ గోడ మీద అంటించుకుని ఉంటే ఒక్క రోజులో తేలిపోయేది.

ఒంగోలు వకీలు · ఆదివారం, మధ్యాహ్నం 12:40

పెద్దాయన చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంచెం కలుపుతాను.

పెన్నా ఒడ్డు గారూ, మీ దగ్గర ఆ 74 రూపాయలు తీసుకోకూడదు. 30 రోజుల గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలని 2005 చట్టంలోని 7(6) సెక్షన్ చెబుతోంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఎందుకు అడుగుతున్నావని దరఖాస్తుదారుణ్ని నిలదీసే అధికారం కూడా ఎవరికీ లేదు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి. సమాచార హక్కు అంటే జిరాక్సు కాపీలు తెచ్చుకోవడం ఒక్కటే కాదు. 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనాలు కూడా తీసుకోవచ్చు. టేపు పట్టుకుని కాలవ కొలిచే హక్కు మీకు చట్టమే ఇచ్చింది. దరఖాస్తులో "పనిని, ఎం-బుక్‌ను తనిఖీ చేయడానికి తేదీ ఇవ్వండి" అని రాయండి.

మొదటి అప్పీలులోనూ న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 వరకు జరిమానా వేయవచ్చు. అసలు 4(1)(బి) కింద ఎవరూ అడగకముందే ప్రతి కార్యాలయం బయటపెట్టాల్సిన వివరాలు 17 రకాలు ఉన్నాయి. బడ్జెట్, ఖర్చు, లబ్ధిదారులు అన్నీ అందులో వస్తాయి. ఆ సెక్షన్ ఒక్కటి సరిగా అమలైతే మీరు 52 రోజులు తిరగాల్సిన అవసరం ఉండేది కాదు.

ఊరికే చదివేవాణ్ణి · ఆదివారం, మధ్యాహ్నం 3:15

నేను చెప్పేది కొంచెం కటువుగా ఉండొచ్చు. పంచాయతీ కాలవ ఎంత? మహా అయితే మూడు నాలుగు లక్షలు. దానికోసం ఊళ్లో పగలు పెట్టుకోవాలా? పైన వేల కోట్లు కదులుతుంటాయి. ఎన్నికల బాండ్ల సంగతేమిటి? 2018 నుంచి ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో జనానికి తెలియకుండా నడిచింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేస్తే తప్ప ఆ పేర్లు బయటకు రాలేదు. అక్కడ చీకటి పెట్టుకుని ఇక్కడ సర్పంచ్ మీద టార్చిలైటు వేస్తే ఏం ఒరుగుతుంది?

గ్రూప్స్ అభ్యర్థి · ఆదివారం, సాయంత్రం 4:02

అన్నా, ఆ పైది కూడా కింద నుంచే మొదలైంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1990లలో చేసింది ఇదే. కరువు పనుల్లో కూలీ తక్కువ ఇస్తున్నారని మస్టర్ రోల్స్, అంటే కూలీల హాజరు పట్టీలు, అడిగారు. వాటిని ఊరి మధ్య టెంటు వేసి పైకి చదివి వినిపించారు. చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు బయటపడ్డాయి. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. అక్కడి నుంచి 2005 చట్టం దాకా వచ్చింది. బాండ్ల తీర్పు కూడా ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందన్న మాట మీదే నిలబడింది. అభ్యర్థులు ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో చెప్పాలన్న 2002 తీర్పుకూ ఆధారం అదే హక్కు.

నేను ఒంగోలులో రూములో కూర్చుని ఇవన్నీ బిట్లుగా చదువుతున్నాను. 37 పేజీలు చేతిలో పట్టుకున్న మనిషిని చూస్తే ఇప్పుడు ఆ బిట్లకు ప్రాణం వచ్చినట్టుంది.

ఊరికే చదివేవాణ్ణి · ఆదివారం, సాయంత్రం 4:20

మరి మన రాష్ట్రంలో జీవోల సైటే 2021 ఆగస్టులో ఆపేశారు. అందరూ చూసే జీవోలు మూడేళ్లు అక్కడ కనపడలేదు. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఒక ప్రభుత్వం మూస్తుంది, ఇంకొకటి తెరుస్తుంది. రేపు వచ్చేవాళ్లు మళ్లీ మూయరని ఏముంది?

బెంగళూరు నెల్లూరోడు · ఆదివారం, సాయంత్రం 4:48

ఇది పార్టీల గొడవలోకి వెళ్లకుండా ఒక్క మాట. 2019లో ప్రభుత్వం మారాక ఖజానా మీద శ్వేతపత్రం, 2024లో మారాక వరుసగా ఏడు శ్వేతపత్రాలు. ఎవరు వచ్చినా ముందువాళ్ల లెక్కే విప్పుతున్నారు. తమ లెక్కను, తాము కుర్చీలో ఉండగా, అప్పు చేసిన నెలలోనే విప్పి చూపించినప్పుడు కదా మనకు ఉపయోగం. కార్పొరేషన్ల పేరుతో తెచ్చే అప్పు బడ్జెట్ పుస్తకంలో కనపడదు. కట్టేది మాత్రం మనమే. రాష్ట్ర అప్పు ఇంత అని ఎవరైనా అంకె చెబితే ఇందులో కార్పొరేషన్ల అప్పుకు ప్రభుత్వం ఇచ్చిన గ్యారంటీలు కలిపారా లేదా అని నేను ముందు అడుగుతాను.

కొండపి పొగాకు రైతు · ఆదివారం, రాత్రి 8:30

పగలంతా పొగాకు ఆరబెట్టే బేరన్ దగ్గర ఉన్నాను, ఇప్పుడే చదివాను. నాకు చట్టాలు తెలియవు. వేలం సంగతి చెబుతాను.

మా తాత కాలంలో పొగాకు వ్యాపారి ఇంటికొచ్చి చూసి తీసుకెళ్లేవాడు. ధర తర్వాత చెప్పేవాడు, డబ్బు ఇంకా తర్వాత. పశువుల సంతలో కూడా అంతే. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లు. పక్కన నిలబడ్డ ఎద్దు యజమానికే తెలియదు తన ఎద్దు ఎంతకు పోతోందో. పొగాకు బోర్డు వేలం కేంద్రాలు 1980లలో వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు నా బేలు, అంటే పొగాకు కట్ట, ముందు నేను నిలబడతాను. గ్రేడు చెబుతారు, ధర అందరి ఎదుటే పలుకుతుంది, పక్క రైతు బేలు ఎంతకు పోయిందో నాకు తెలుస్తుంది. నచ్చకపోతే ఇవ్వను.

రేటు బాగుందని చెప్పడం లేదు. కొన్నేళ్లు రేటు దారుణంగా పడిపోయింది, కొనేవాళ్లు కూడబలుక్కున్నారని రోడ్డెక్కాం కూడా. కానీ ఎందుకు రోడ్డెక్కగలిగాం? నిన్న ఎంత, ఈరోజు ఎంత, ఏ గ్రేడుకు ఎంత అని అందరి దగ్గరా ఒకే లెక్క ఉంది కాబట్టి. చీకట్లో మోసపోయినవాడికి తను మోసపోయానని కూడా తెలియదు.

బుచ్చి వరి రైతు · ఆదివారం, రాత్రి 9:10

కొండపి అన్న మాట నిజం. మా వరికి అది లేదు.

2025-26కి సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు అని పేపర్లో వచ్చింది. నెల్లూరులో వడ్లు క్వింటాల్లో ఎవరు అమ్ముతారు? పుట్టి లెక్క. పుట్టి అంటే 850 కేజీలు. అంటే పుట్టికి 20,136 రూపాయల 50 పైసలు రావాలి. కళ్లంలో ఉన్న రైతుకు ఈ అంకె ఎవరూ చెప్పరు. దళారి వచ్చి "పుట్టికి ఇంత" అంటాడు. అది మద్దతు ధరకు పైనో కిందో వెంటనే తేల్చుకోలేం. తేమ 17 శాతం దాటిందని తరుగు తీస్తారు. ఆ మిషన్ ఎవరి చేతిలో ఉందో అంకె వాళ్లే చదువుతారు. మా అన్న ఒకసారి 850 మీద ఇంకొన్ని కేజీలు అదనంగా వేసి ఇచ్చాడు, అందరూ ఇస్తున్నారు కదా అని.

నేను కోరేది చిన్నదే. కొనుగోలు కేంద్రం ముందు బోర్డు మీద పుట్టి ధర పెద్ద అక్షరాలతో రాయండి. తేమ మిషన్ అంకె రైతుకు కనపడేలా తిప్పండి. ఇళ్ల స్థలాలు మేం అంకణాల్లో కొంటాం, 72 చదరపు అడుగులు ఒక అంకణం. లేఅవుట్ కాగితాల్లో చదరపు మీటర్లు రాస్తే మా అమ్మకు ఏం తెలుస్తుంది? మన కొలతలో చెప్పని లెక్క చెప్పినట్టా?

పెన్నా ఒడ్డు · ఆదివారం, రాత్రి 9:34

అన్నా, ఈ మాట కోసమే పొద్దున్నుంచి వెతుక్కుంటున్నాను. ఆర్‌ఎంటీ అని రాయకుండా "రామాలయం మలుపు నుంచి వాటర్ ట్యాంకు దాకా, రెండు పక్కలా" అని రాసి ఉంటే నాకు రాత్రి నిద్ర పట్టేది.

పొదుపు సంఘం అక్క · సోమవారం, ఉదయం 6:15

అందరికీ నమస్కారం. మాది దూబగుంట పక్క ఊరు.

1992లో సారా ఉద్యమం జరిగినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ రాత్రి బడికి వెళ్లేది. చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు, కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క వేసుకున్నారు. ఇంటాయన సంపాదన ఇంత, సారాకు పోయేది ఇంత అని. లెక్క పలకల మీదకు వచ్చాక ఇక ఆగలేదు. సారా కొట్లకు అడ్డం పడ్డారు, వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో మన నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగింది. ఒక్కతే వెళ్లి ఉంటే అమ్మను కొట్టి పంపేవాళ్లు. వందమంది వెళ్లారు.

అందుకే పెన్నా ఒడ్డు తమ్ముడికి ఒక మాట. ఒక్కడివే దరఖాస్తు పెట్టకు. పదిమంది పెట్టండి, ఆడవాళ్ల పేర్లు కూడా ఉండాలి. అప్పుడు అది ఎవరికీ సొంత గొడవ అనిపించదు.

ఇంకోటి. మా సంఘంలో పదిమందిమి. ప్రతి మీటింగులో తీర్మానాల పుస్తకం పైకి చదువుతాం. ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు ఎంత మిగిలింది, బ్యాంకులో ఎంత ఉంది. చదవడం రాని ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు, వాళ్లకే అందరికంటే బాగా గుర్తుంటుంది. "పోయినసారి నాలుగు వందల ఇరవై అన్నావు, ఇప్పుడు నాలుగు వందలు అంటున్నావేం" అని పట్టేస్తారు. వినకుండా వేలిముద్ర వేయరు. కంప్యూటర్లో పెట్టామని చెబితే వాళ్లకు పెట్టినట్టు కాదు, చదివి వినిపిస్తేనే పెట్టినట్టు.

మార్కాపురం ఆడపడుచు · సోమవారం, ఉదయం 7:50

అక్క చెప్పింది చదివి కళ్లు చెమర్చాయి. మా అత్తగారి ఊరు వెలిగొండ ప్రాజెక్టు ముంపులో ఉంది. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం నీళ్లు కొండ కింద నుంచి తేవడానికి ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు. 43.5 టీఎంసీలు వస్తాయని, ఫ్లోరైడు నీళ్ల బాధ తీరుతుందని ముప్పై ఏళ్లుగా వింటున్నాం. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. మా పొలాలకు మాత్రం నీళ్లు రాలేదు.

ప్రతి ఎన్నికకూ ఒక తేదీ చెబుతారు. ఆ తేదీ ఎందుకు తప్పిందో ఎవరూ చెప్పరు. మా మామగారు అడిగేది ఒక్కటే. ఈ నెల ఎంత పని జరిగింది, ఎంత మిగిలింది, మాకు ఇవ్వాల్సిన పరిహారంలో ఎంత విడుదలైంది. ఇది దోర్నాల బస్టాండులో నెలనెలా ఒక బోర్డు మీద రాస్తే చాలు. ఇల్లు బాగు చేసుకోవాలా వద్దా అన్నది కూడా ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది. ఎప్పుడు వెళ్లిపోవాలో తెలియని ఇంటికి ఎవరు సున్నం వేస్తారు?

ఊరికే చదివేవాణ్ణి · సోమవారం, ఉదయం 9:05

నిన్న నేను తొందరపడి రాశాను. పైదీ కిందదీ వేరు కాదని మీ మాటల వల్ల అర్థమైంది. కానీ నా భయం ఒకటి ఉంది. ఉపాధి హామీ పనుల లెక్కను జనం ముందు సరిచూసే సామాజిక తనిఖీలో మా మండలంలో ప్రజావేదిక సభ పెట్టినప్పుడు మా బాబాయ్ నిలబడి మాట్లాడాడు. తర్వాత ఆరు నెలలు ఆయనకు పని చూపించలేదు. అడిగినవాడిని ఎవరు కాపాడతారు?

మాజీ సెక్రటరీ · సోమవారం, ఉదయం 11:20

నీ భయం నిజమే నాయనా, దాన్ని కొట్టిపారేయను. సామాజిక తనిఖీని మన రాష్ట్రం 2006లోనే మొదలుపెట్టింది. వేరే రాష్ట్రాలవాళ్లు వచ్చి చూసి నేర్చుకున్నారు. దానికీ ఈ బలహీనత ఉంది. తనిఖీ బృందం నాలుగు రోజులుండి వెళ్లిపోతుంది, మాట్లాడినవాడు ఊళ్లోనే ఉండాలి. పొదుపు సంఘం అమ్మాయి చెప్పిందే దీనికి మందు. గుంపుగా అడగడం. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఎన్ని ఊళ్లలో పాత ఖర్చు చదివి వినిపించారు? పనుల జాబితా చదివారు, ఫొటోలు తీశారు. చేయబోయేది చెప్పడం తేలిక. చేసినదాని లెక్క చెప్పాలంటేనే చాలామందికి టెన్షన్.

ఒంగోలు వకీలు · సోమవారం, మధ్యాహ్నం 1:10

ఇంకో జాగ్రత్త. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. ఇంతకుముందు ప్రజా కార్యకలాపాలతో సంబంధం ఉన్న వ్యక్తిగత వివరాలు ఇచ్చేవారు. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో తిరస్కరించే వీలు పెరిగింది. లబ్ధిదారుల పేర్లు, కాంట్రాక్టరు పేరు అడిగితే ఆ జవాబు రావచ్చు. అప్పుడు 8(2) గుర్తు చేయండి. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే మినహాయింపు ఉన్నా ఇవ్వవచ్చని అందులో ఉంది. ఈ మార్పు నాకు చాలా బాధ కలిగించింది. మస్టర్ రోల్లో పేర్లు లేకపోతే చనిపోయినవాళ్ల పేరు మీద కూలీ తీశారని ఎలా పట్టుకుంటాం?

పెన్నా ఒడ్డు · తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:45

అందరికీ ఒక కబురు.

అక్క చెప్పినట్టు పదకొండుమందిమి సంతకాలు పెట్టి తనిఖీకి తేదీ అడిగాం. ఐదుగురు ఆడవాళ్లు. అర్జీ చూసి సర్పంచ్ గారు తనే ఫోన్ చేశారు, "తేదీ దాకా ఎందుకు, ఆదివారం రండి, కొలుద్దాం" అని. ఈరోజు పొద్దున 30 మీటర్ల టేపు పట్టుకుని వెళ్లాం. ఊరు సగం వచ్చింది. తూర్పు పక్క 68 మీటర్లు, పడమటి పక్క 71. మొత్తం 139.

పెద్దాయనా, మీరు నోరు జారకు అని చెప్పి ఉండకపోతే నేను ఒక మనిషికి అన్యాయం చేసేవాణ్ణి. సర్పంచ్ గారు అక్కడే కాలవ గట్టు మీద కూర్చుండిపోయారు. "ఏడాదిగా నా వెనకాల ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. మొహం మీద అడిగినవాళ్లు మీరే" అన్నారు. తేదీలు చూశాం, వరుస సరిగానే ఉంది. అందరి ముందు గట్టిగా చదివాను. మా నాన్న కూడా విన్నాడు.

ఒకటి మాత్రం తేలలేదు. బోరు మోటారు రివైండింగ్, అంటే కాలిన తీగ తీసి మళ్లీ చుట్టించిన, బిల్లులు ఏడు నెలల్లో నాలుగు ఉన్నాయి. మోటారు రెండుసార్లే కాలిందని మా వీధివాళ్లు అంటున్నారు. మూడుసార్లు అని వాటర్‌మ్యాన్ అంటున్నాడు. ఎవరూ తేదీ రాసుకోలేదు. ఇక నుంచి మోటారు పైకి తీసిన ప్రతిసారీ ట్యాంకు గోడ మీద తేదీ రాయాలని అనుకున్నాం. పాత నాలుగు వోచర్ల వెనక షాపు రశీదులు ఉండాలి కదా, వాటికోసం రేపు మళ్లీ దరఖాస్తు పెడుతున్నాం, ఈసారి పద్నాలుగుమందిమి.

ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు రివైండింగ్ మీ వైపు ఎంత తీసుకుంటున్నారు? రాగి తీగ కేజీల లెక్కన రాస్తారా, మొత్తంగా ఒక అంకె వేస్తారా? ఆ రశీదులో ఏమేం ఉండాలో తెలిసినవాళ్లు రాయండి.

బుచ్చి వరి రైతు · తర్వాతి ఆదివారం, రాత్రి 7:30

నా మోటారు పోయిన నెలలోనే చుట్టించాను. రశీదు ఇంట్లో ఉంది, పొద్దున వెతికి రాస్తాను. తీగ బరువు, పాత తీగకు తగ్గించిన డబ్బు, బేరింగులు, బిగించిన కూలి విడివిడిగా ఉంటాయి. పాత తీగ లెక్క ముందు చూడు తమ్ముడూ, చాలా బిల్లుల్లో రాయకుండా వదిలేసేది అదే.